తాతయ్య బ్యాంకు క్లర్కు అని మాత్రమే తెలుసు, ట్రంకు పెట్టెలో యుద్ధం మెడల్స్ దొరికాయి. ఆయన సర్వీసు వివరాలు ఎలా తెలుసుకోవాలి?

పెదవాల్తేరు అమ్మాయి:

అందరికీ నమస్కారం. పోస్టు కొంచెం పెద్దది, ఓపికగా చదవండి.

మా తాతయ్య, అంటే అమ్మ వాళ్ల నాన్న, మొన్న వేసవిలో పోయారు. ఎనభై దాటాయి. మాకు తెలిసినంతవరకు ఆయన బ్యాంకు క్లర్కు, విశాఖలోనే మూడు బ్రాంచీల్లో చేసి 2004లో రిటైరయ్యారు. అంతకుముందు మిలిటరీలో ఉన్నారని ఇంట్లో అందరికీ తెలుసు గానీ దాని గురించి ఎవరూ అడగలేదు, ఆయనా ఎత్తలేదు. పొద్దున్నే ఐదింటికి లేవడం, బూట్లు తనే పాలిష్ చేసుకోవడం, కంచంలో మెతుకు వదలకపోవడం, ఇవన్నీ ఆయన స్వభావం అనుకుంటూ పెరిగాను.

పెద్దకర్మ రోజున ఆరుగురు ముసలమ్మలు వచ్చారు. శ్రీకాకుళం, విజయనగరం వైపు పల్లెల నుంచి తెల్లవారుజామున బస్సెక్కి వచ్చారట. అమ్మమ్మకి వాళ్లలో ఒక్కరు కూడా తెలియదు. ఒకావిడ ఫొటో ముందు కూలబడి "నా పింఛను ఆగిపోతే అలహాబాదుకి ఎన్ని ఉత్తరాలు రాసినాడో ఈ బాబు, నాకు అచ్చరం ముక్క రాదు" అని ఏడ్చింది. భోజనం చేసి సాయంత్రం బస్సుకి వెళ్లిపోయారు. ఫోన్ నంబర్లు కూడా తీసుకోలేదు మేము, ఆ హడావిడిలో. ఇప్పటికీ బాధగా ఉంది.

తర్వాత అటక మీద నుంచి ఆయన ట్రంకు పెట్టె దించాం. అందులో ఐదు మెడల్స్, రిబ్బన్లు వెలిసిపోయాయి. రక్షా మెడల్ 1965, పూర్వీ స్టార్, సంగ్రామ్ మెడల్, స్వాతంత్ర్యం వచ్చి పాతికేళ్లయినందుకు ఇచ్చింది ఒకటి, తొమ్మిదేళ్ల సర్వీసుకి ఒకటి. ఇంకా ఉత్తరాల కట్ట. ఆయన అమ్మమ్మకి రాసినవి, అమ్మమ్మ ఆయనకి రాసినవి రెండూ కలిపి దాచుకున్నారు. ఆయన ఉత్తరాల మీద ఊరి పేరు ఎక్కడా లేదు, "కేరాఫ్ 99 ఏపీఓ" అని మాత్రమే ఉంది. 1971 డిసెంబరు 20న రాసిన ఇన్లాండ్ లెటర్‌లో ఉన్నది మొత్తం ఇంతే: తను క్షేమం, పాప నిలబడుతోందా లేదా (ఆ పాప మా అమ్మ), ఇక్కడి నదులు మన గోదావరి కంటే వెడల్పు. అంతే. యుద్ధం గురించి ఒక్క ముక్క లేదు.

ఆయన ఎక్కడున్నారు, ఏం చేశారు, ఇప్పుడు ఎవర్ని అడిగితే తెలుస్తుంది? అలాగే ఆ ముసలమ్మలు ఎవరు? బ్యాంకు క్లర్కుకి అలహాబాదుతో ఏం పని? అమ్మమ్మని అడిగితే "ఆయన చెప్పలేదు, నేను అడగలేదు" అంటోంది.

*

జబల్‌పూర్ బ్యాచి:

అమ్మా, నేను ఆర్మీ సిగ్నల్స్‌లో, అంటే వైర్‌లెస్, టెలిఫోన్ లైన్లు చూసే విభాగంలో, 17 ఏళ్లు చేసి 90ల్లో వచ్చేశాను. 71 నాటికి స్కూల్లో ఉన్నాను కాబట్టి ఆ యుద్ధం నేను చూడలేదు. కానీ మీరు రాసినదాంట్లోనే చాలా సమాధానాలు ఉన్నాయి.

99 ఏపీఓ అంటే ఆర్మీ పోస్టాఫీసు, తూర్పు వైపు యూనిట్లకి. పశ్చిమం, కాశ్మీరు వైపు అయితే 56 ఏపీఓ ఉండేది. యూనిట్ ఎక్కడుందో ఇంట్లోవాళ్లకి కూడా తెలియకూడదనే ఆ ఏర్పాటు. కాబట్టి మీ తాతగారు తూర్పు రంగంలో ఉన్నారు. దానికి సాక్ష్యం పూర్వీ స్టార్. అది తూర్పు పాకిస్తాన్ వైపు యుద్ధరంగంలో పనిచేసినవాళ్లకి ఇచ్చింది, పశ్చిమంలో చేసినవాళ్లకి పశ్చిమీ స్టార్. సంగ్రామ్ మెడల్ మాత్రం ఆ కాలంలో సర్వీసులో ఉన్న అందరికీ వచ్చింది, ఎక్కడున్నా సరే. 65కి సంబంధించి మీరు రక్షా మెడల్ ఒక్కటే చెప్పారు. ఆ యుద్ధంలో ముందు వరసలో ఉన్నవాళ్లకి సమర్ సేవా స్టార్ అని ఇంకోటి ఇచ్చారు, అది పెట్టెలో లేదంటే 65లో ఆయన సర్వీసులో ఉన్నారు గానీ ఫ్రంట్‌కి వెళ్లలేదన్నమాట. అంటే ఆయన చూసిన యుద్ధం 71. గోదావరి కంటే వెడల్పైన నదులంటే పద్మ, మేఘన అయ్యుంటాయి, మన సైన్యం ఢాకా చేరాలంటే ఆ నీళ్లు దాటాలి. ఆ ఉత్తరం తేదీ చూడండి, డిసెంబరు 16న ఢాకాలో లొంగుబాటు జరిగిన నాలుగు రోజులకి రాశారు. అంత పెద్ద సంగతి జరిగితే నది వెడల్పు ఒక్కటే రాశారంటే ఆయన ఎలాంటి మనిషో నాకు అర్థమవుతోంది.

ఇప్పుడు చేయాల్సింది. గుండ్రటి మెడల్స్ అంచు చూడండి, లెన్స్ పెట్టి చూడండి, మెత్తటి గుడ్డతో తుడవొచ్చు గానీ బ్రాసో మాత్రం పెట్టొద్దు, అక్షరాలు అరిగిపోతాయి. అంచు మీద నంబరు, ర్యాంకు, పేరు, ఏ కోర్ (సైన్యంలో ఏ విభాగం) అన్నది కొట్టి ఉంటుంది. కోర్ తెలిస్తే రికార్డ్స్ ఆఫీసు తెలిసినట్టే. మద్రాస్ రెజిమెంట్ అయితే వెల్లింగ్టన్, మద్రాస్ ఇంజినీర్లయితే బెంగళూరు, ఆర్టిలరీ అయితే నాసిక్ రోడ్, ఆర్డ్‌నెన్స్ (ఆయుధాలు, సామాన్ల సరఫరా), ఈఎంఈ (బళ్లు, పరికరాల రిపేర్లు) రెండూ సికింద్రాబాద్, మా సిగ్నల్స్‌కి జబల్‌పూర్. పెట్టెలో డిశ్చార్జి బుక్ ఉందేమో వెతకండి. పెన్షన్ ఆర్డరు, అదే పీపీఓ, ఉంటే దాని మీద కూడా రికార్డ్స్ ఆఫీసు పేరు ఉంటుంది. అవి పట్టుకుని మీ అమ్మమ్మగారి పేరుతో దరఖాస్తు రాసి విశాఖ జిల్లా సైనిక్ సంక్షేమ ఆఫీసులో అడిగితే ఎలా పంపాలో చెబుతారు. ఏ యూనిట్లలో ఎప్పటినుంచి ఎప్పటిదాకా చేశారో తెలుస్తుంది. ఆ రోజు ఏం జరిగింది, ఎవరు పక్కన ఉన్నారు లాంటివి మాత్రం ఆ కాగితాల్లో దొరకవు, ముందే చెబుతున్నాను.

*

లెడ్జర్ కీపర్:

తల్లీ, మీ తాతగారు నాకు తెలిసినవారో కాదో గానీ అలాంటివాళ్ల పక్కన నేను ముప్పై ఏళ్లు కూర్చున్నాను. నేను ఈ ఊళ్లోనే ఒక ప్రభుత్వ బ్యాంకులో క్లర్కుగా 1981లో చేరాను. క్లర్కు పోస్టుల్లో మాజీ సైనికులకి 14.5 శాతం, అటెండర్ పోస్టుల్లో 24.5 శాతం రిజర్వేషన్ ఉంది. విశాఖలో నేవీ ఉంది కాబట్టి పదిహేనేళ్లు సర్వీసు చేసి ముప్పై అయిదేళ్లకే బయటికి వచ్చే సెయిలర్లు ఎక్కువ, ఆర్మీ వాళ్లు శ్రీకాకుళం జిల్లా నుంచి ఎక్కువ. అందుకే ఇక్కడ ఏ బ్రాంచికి వెళ్లినా కౌంటర్లో ఒక మాజీ సైనికుడు ఉండేవాడు, ఇప్పటికీ ఉన్నాడు.

వాళ్ల పరిస్థితి బయటివాళ్లకి తెలియదు. అక్కడ హవల్దారుగా పదిమందిని నడిపించిన మనిషి, ఇక్కడికొచ్చి డిగ్రీ అయిన వెంటనే చేరిన ఇరవై రెండేళ్ల కుర్రాడి కింద సీనియారిటీలో నిలబడాలి. నేనే ఆ కుర్రాణ్ణి. నా పక్క సీటాయన 71లో యుద్ధం చేసి వచ్చాడు, నన్ను "సార్" అనేవాడు, నాకు సిగ్గేసేది, వద్దంటే వినేవాడు కాదు. అప్పట్లో కంప్యూటర్లు లేవు, ఇత్తడి టోకెన్లు, చేత్తో లెడ్జర్ పోస్టింగ్, జూన్‌లో, డిసెంబరులో బ్యాలెన్సింగ్. పది పైసలు తేడా వస్తే రాత్రి పదింటిదాకా అందరం కూర్చోవాలి. మేం విసుక్కునేవాళ్లం. ఆయన మాత్రం మొదటి పేజీ నుంచి మళ్లీ మొదలుపెట్టేవాడు, ఒక్క మాట లేకుండా. చాలామంది ఆఫీసరు ప్రమోషన్ పరీక్ష రాసేవారు కాదు, రాస్తే ట్రాన్స్‌ఫర్ వస్తుంది. "పదిహేనేళ్లు పెళ్లాం బిడ్డల్ని వదిలి తిరిగాను, ఇక చాలు" అనేవాడాయన. మీ తాతగారు క్లర్కుగానే రిటైరయ్యారంటే కారణం అదే అయ్యుండొచ్చు. దాన్ని చిన్నతనంగా చూడకండి.

ఇక అలహాబాదు. ఆర్మీ పెన్షన్లు మంజూరు చేసే ఆఫీసు అక్కడుంది, ఇప్పుడు ప్రయాగ్‌రాజ్ అంటున్నాం. అప్పట్లో పెన్షన్ చేతికి ఇచ్చేది బ్యాంకు. ఒకటో తారీఖున మా బ్రాంచి వరండా నిండా ముసలి సైనికులు, వాళ్ల భార్యలు. నవంబరులో బతికున్నట్టు సర్టిఫికెట్ ఇవ్వాలి, ఇవ్వకపోతే ఆగిపోతుంది. అసలు సమస్య పేర్లతో. భర్త ఆర్మీలో పెళ్లి నమోదు చేయించేటప్పుడు భార్య పేరు "అప్పలమ్మ" అని రాయించి ఉంటాడు, రేషన్ కార్డులో "అప్పలనరసమ్మ" అని ఉంటుంది, మనిషి ఒక్కతే, కాగితాలకి మాత్రం ఇద్దరు. పుట్టిన తేదీ ఉండదు. ఎనభై దాటితే పెన్షన్ 20 శాతం పెరుగుతుంది, ఎనభై అయిదుకి 30, తొంభైకి 40. పీపీఓలో పుట్టిన తేదీ లేకపోతే వయసెంతో కంప్యూటరుకి ఎలా తెలుస్తుంది? వందేళ్లు బతికినా ఆ పెంపు రాదు. ఇంకో రకం అన్యాయం ఉంది. మామూలుగా చనిపోతే భార్యకి ఆఖరి జీతంలో 30 శాతం వస్తుంది, సర్వీసు కారణంగా చనిపోతే 60, యుద్ధంలో చనిపోతే లిబరలైజ్డ్ అని పూర్తి జీతమంత. ఎక్కడో ఒక కాగితం తప్పు పడితే పూర్తి రావాల్సిన మనిషికి సాధారణం వస్తూ ఉంటుంది, ఆవిడకి తేడా ఉందని కూడా తెలియదు. అలాంటివి పట్టుకోవాలంటే కౌంటర్ అవతల ఉన్న మనిషికి ఆ భాష రావాలి. మాకు రాదు. మాజీ సైనికుడికి వస్తుంది. అందుకని ఆ వరండా అంతా ఆయన దగ్గరికే వెళ్లేది. ఉత్తరాలు రాయడం, ఎంఆర్వో ఆఫీసు సర్టిఫికెట్లు ఏవి కావాలో చెప్పడం, జవాబు రాకపోతే మళ్లీ రాయడం. ఇది బ్యాంకు డ్యూటీ కాదు, లంచ్ టైములో, సాయంత్రం క్యాష్ క్లోజ్ అయ్యాక చేసేవాడు.

అసలు ముఖ్యమైనది మర్చిపోతున్నాను. మీ అమ్మమ్మగారికి బ్యాంకు ఫ్యామిలీ పెన్షన్‌తో పాటు మిలిటరీ ఫ్యామిలీ పెన్షన్ కూడా రావాలి. పూర్వం రెండిట్లో ఒకటే ఇచ్చేవారు. 2012 సెప్టెంబరు 24 నుంచి రెండూ ఇస్తున్నారు. ఒక్కటే వస్తుంటే వెంటనే అప్లై చేయించండి, మెడల్స్ సంగతి తర్వాత.

*

కోటవీధి కుర్రాడు (అరవై నాలుగేళ్లు):

లెడ్జర్ కీపర్ గారు చెప్పిన దానికి నేను కలిపేది ఏమీ లేదు గానీ, అమ్మాయీ, మీ అమ్మమ్మగారి ఉత్తరాలు చదివారా? ఆయనవి మాత్రమే చెప్పారు. 71 డిసెంబరులో విశాఖలో ఉన్నవాళ్లు కూడా యుద్ధంలో ఉన్నట్టే.

నాకు పదేళ్లు. వన్‌టౌన్‌లో మా ఇంటి కిటికీ అద్దాలకి నల్ల కాగితం, మోటారు బళ్ల హెడ్‌లైట్లకి పైసగం నల్లరంగు. డిసెంబరు 3 రాత్రి మా నాన్న రేడియో దగ్గరే కూర్చున్నారు, ఇందిరాగాంధీ మాట్లాడుతుందని. అర్ధరాత్రి దాటాక సముద్రం వైపు నుంచి ఒక్క చప్పుడు, అద్దాలు గడగడలాడాయి. బాంబు పడిందనుకుని మా నాన్నమ్మ మమ్మల్ని మంచం కిందకి తోసేసింది. తర్వాత తెలిసింది అది పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ అని, హార్బరు బయటే మునిగిందని. మన విమానవాహక నౌక విక్రాంత్ కోసం వచ్చింది, విక్రాంత్ అప్పటికే అండమాన్ వైపు ఉంది. ఇప్పుడు బీచ్ రోడ్డులో ఆ విజయ స్మారకం దగ్గర అందరూ ఫొటోలు దిగుతుంటారు, నాకు మాత్రం అటు వెళితే మంచం కింద దుమ్ము వాసన వస్తుంది.

ఒక్కసారి ఆలోచించండి, ఆయన తన వాళ్లు ఇంట్లో క్షేమం అనుకుని అక్కడ ఉన్నారు, వీళ్లేమో ఇక్కడ చీకట్లో ఉన్నారు.

*

పెదవాల్తేరు అమ్మాయి:

అందరికీ చేతులెత్తి దండం. ఒక్కొక్కటిగా చెబుతాను, పది రోజులు పట్టింది ఇవన్నీ చూడడానికి.

అంచు మీద నంబరు, ఆయన పేరు, సిగ్నల్స్ అని ఉంది. జబల్‌పూర్ బ్యాచి అంకుల్, మీ కోర్ మనిషే! డిశ్చార్జి బుక్ కూడా పెట్టె అడుగున వేసిన గుడ్డ కింద దొరికింది. 1963లో చేరారు, 1978లో హవల్దారుగా వచ్చేశారు.

అమ్మమ్మ ఉత్తరాలు చదివాను, తన అనుమతితోనే. కోటవీధి అంకుల్, మీరు చెప్పినదే ఉంది. ఆ రాత్రి చప్పుడుకి అమ్మ ఉలిక్కిపడి లేచి ఏడ్చిందట, పాలు పట్టాలంటే దీపం వెలిగించే వీలు లేదట. ఇదంతా డిసెంబరు 5న రాసింది, ఐదు పైసల శరణార్థుల స్టాంపు కూడా ఉంది దాని మీద. ఆయన 20వ తేదీ ఉత్తరంలో "నిలబడుతోందా" అని అడగడానికి ముందు "ఇప్పుడు భయపడకుండా పడుకుంటోందా" అని ఒక వాక్యం ఉంది, మొదటిసారి చదివినప్పుడు నాకు దాని అర్థం తెలియక వదిలేశాను. అమ్మకి చదివి వినిపించాను. యాభై నాలుగేళ్ల తర్వాత.

ఇంకోటి దొరికింది, ట్రంకులో కాదు, దేవుడి గూట్లో పంచాంగాల కింద. పొడుగాటి నోట్‌బుక్, ప్రతి పేజీ ఎర్ర పెన్సిలుతో లెడ్జర్ లాగా గీసుకున్నారు. మనిషి పేరు, భర్త నంబరు, రెజిమెంటు, ఊరు, సమస్య ఏమిటి, ఉత్తరం పంపిన తేదీ, జవాబు వచ్చిన తేదీ. చివరి గడిలో "సెటిల్" అని ఎర్ర సిరాతో. మొత్తం నలభై మూడు పేర్లు. మొదటిది 1980లో రాశారు, అంటే బ్యాంకులో చేరిన కొత్తల్లో. శ్రీకాకుళం జిల్లా ఊరు. భర్త గడిలో నంబరు పక్కన "డిసెంబరు 71, మా డిటాచ్‌మెంట్" అని ఉంది. సమస్య గడిలో "సాధారణం ఇస్తున్నారు, లిబరలైజ్డ్ రావాలి". తొమ్మిది ఉత్తరాలు. సెటిల్ అయింది 1983లో.

అమ్మమ్మకి ఆ పేజీ చూపించాను. చాలాసేపు చూసింది. 72లో సెలవుకి వచ్చినప్పుడు ఒకరోజు పొద్దున్నే సైకిలు మీద రైల్వే స్టేషనుకి వెళ్లి మర్నాడు రాత్రికి వచ్చారట, ఎక్కడికి వెళ్లారంటే "స్నేహితుడి ఇంటికి" అన్నారట, రెండు రోజులు సరిగ్గా అన్నం తినలేదట. అది తప్ప తనకి తెలిసింది ఏమీ లేదంది.

*

జబల్‌పూర్ బ్యాచి:

డిటాచ్‌మెంట్ అంటే ఒక వైర్‌లెస్ సెట్టు దగ్గర ఉండే నలుగురైదుగురు అమ్మా. ఒకడు మెసేజ్ పంపుతాడు, ఒకడు లైను వేస్తాడు, ఒకడు బ్యాటరీలు ఛార్జి చేస్తాడు, ఒకే డేరా, ఒకే వంట. లైను తెగితే షెల్స్ పడుతున్నా వెళ్లి అతికించాల్సింది వాళ్లే. మాకు ట్రైనింగ్ మొదటి రోజు నుంచీ చెప్పేది ఒకటే, సెట్టులో విన్నది సెట్టు దగ్గరే వదలాలి. కొంతమందికి అది జీవితాంతం ఉండిపోతుంది. ఆయన మీ దగ్గర దాచారని అనుకోకండి.

జబల్‌పూర్‌కి దరఖాస్తు నేను రాసి పెడతాను, మెసేజ్ చేయండి.

*

లెడ్జర్ కీపర్:

తొమ్మిది ఉత్తరాలు, మూడేళ్లు. ఆ రోజుల్లో అది త్వరగా అయినట్టే తల్లీ.

నోట్‌బుక్‌లో "సెటిల్" అని లేని పేజీలు ఉన్నాయా? ఎందుకంటే ఇప్పుడు మిలిటరీ పెన్షన్లు బ్యాంకుల నుంచి స్పర్శ్ అనే ఆన్‌లైన్ పద్ధతికి మారాయి. పేరులో తేడా ఉన్నవాళ్లకి మళ్లీ మొదటికొచ్చింది కథ. బతికున్నట్టు నిరూపించడం ఫోన్లో ముఖం చూపించి చేయొచ్చు, ఆధార్ ఉంటే ఐదు నిమిషాల పని, కానీ పల్లెల్లో ఒంటరిగా ఉండే ఎనభై ఏళ్ల మనిషికి ఎవరు చేసిపెడతారు?

*

పెదవాల్తేరు అమ్మాయి:

రెండు ఉన్నాయి అంకుల్. ఒకటి పుట్టిన తేదీ సమస్య, ఆమదాలవలస దగ్గర ఊరు. ఆఖరి ఉత్తరం పంపిన తేదీ ఈ ఏడాది ఫిబ్రవరి, చేతిరాత వణికింది గానీ గీతలు మాత్రం తిన్నగానే ఉన్నాయి. రెండోది పేరు తేడా, ఆధార్‌లో ఒకటి, పీపీఓలో ఒకటి. ఆ ఊరి పేరు చూస్తే ఫొటో ముందు ఏడ్చినావిడే అనిపిస్తోంది. ఫోన్ నంబరు కూడా రాసి పెట్టుకున్నారు, ఆవిడ మనవడిది. నిన్న చేశాను. "తాతగారి మనవరాలిని" అనగానే అతను ఫోన్ నానమ్మకి ఇచ్చేశాడు, ఆవిడ వెనక కోళ్లు అరుస్తున్నాయి, ఏం మాట్లాడిందో సగం అర్థం కాలేదు.

అమ్మమ్మ మిలిటరీ పెన్షన్‌కి అప్లికేషన్ పెట్టాం, మీరు చెప్పకపోతే వదిలేసేవాళ్లం. నవంబరు మొదటి ఆదివారం నేను, అమ్మ కారులో రెండు ఊళ్లకీ వెళ్తున్నాం. ముఖం స్కాన్ చేసే యాప్ ముందు అమ్మమ్మ మీద ప్రయత్నించాను, వెలుతురు సరిగ్గా ఉంటే పనిచేస్తోంది. పుట్టిన తేదీ సమస్యకి ఏయే కాగితాలు తీసుకెళ్లాలో లెడ్జర్ కీపర్ అంకుల్, ఒక్కసారి చెప్పండి. ఆవిడకి స్కూలు సర్టిఫికెట్ ఉండదు కదా, ఓటరు కార్డు, ఆధార్ సరిపోతాయా, ఇంకేమైనా కావాలా?